కార్డు పోతుందమ్మా

పిల్లలు అన్నం తినకపోతే బూచాడొస్తాడని బెదిరిస్తాం. తల్లిదండ్రులు మన మాట వినకపోతే బెదిరించడానికి అమెరికా తెలుగువాళ్ళం ఇంకో మాట కనిపెట్టుకున్నాం. "కార్డు పోతుంది."

అమెరికాలో పిల్లలున్న ఏ పెద్దావిడనైనా కదిపి చూడండి. తెనాలిలోనో, హనుమకొండలోనో, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లోనో ఆవిడ గోడ మీద క్యాలెండర్లో ఒక తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. ఆ తేదీలోగా విమానం ఎక్కాలి. తర్వాతి వారంలో మేనకోడలి పెళ్ళి ఉన్నా సరే. కంటి ఆపరేషన్ అయి ఇంకా చుక్కలు వేసుకుంటున్నా సరే. ఎందుకండీ అంత తొందర అని అడిగితే, "ఆరు నెలలు దాటితే కార్డు పోతుందంట" అంటుంది. ఆ "అంట" దగ్గర ఆగండి. అది చట్టం ఆవిడకి చెప్పిన మాట కాదు. పిల్లలు చెప్పిన మాట.

నేనూ చెప్పాను. కాబట్టి ఈ వ్యాసంలో తిట్లు ఎవరికైనా తగిలితే, మొదట నాకు తగిలాకే తగిలాయని గమనించగలరు.

*

మా అమ్మకి గ్రీన్ కార్డు 2016లో వచ్చింది. అప్పటికి ఆవిడకి 58. నాన్న పోయి రెండేళ్ళు. నాకు రెండో కాన్పు. నేను అమెరికా పౌరసత్వం తీసుకున్నాక చేసిన మొదటి పని ఓటు నమోదు కాదు, అమ్మ పేరున పిటిషన్ వేయడం. పౌరుల తల్లిదండ్రులకి ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు. హెచ్-1బీ మీద ఉన్న మన కుర్రాళ్ళు దేశానికి 7 శాతం అన్న కోటా కింద ఏళ్ళ తరబడి క్యూలో ఉంటారు. అమ్మకి మాత్రం క్యూ లేదు. కావాలని ఏడ్చేవాళ్ళకి రాదు, అడగనివాళ్ళకి చకచకా వచ్చేస్తుంది.

అవును, అమ్మ అడగలేదు. "కార్డు ఉంటే నీకే సుఖం అమ్మా, ప్రతిసారీ వీసా గోల ఉండదు" అన్నాను. అది అడగడం కాదు, తెలియజేయడం. ఆ పిటిషన్‌తోపాటు ఐ-864 అని ఒక పత్రం ఇవ్వాలి. నా తల్లి ఆదాయం పేదరిక రేఖకి 125 శాతం కంటే తగ్గకుండా చూసుకుంటానని అమెరికా ప్రభుత్వానికి హామీ. అమ్మకి జన్మలో రాసివ్వని మాట ప్రభుత్వానికి రాసిచ్చాను. రాసిచ్చానని అమ్మకి చెప్పను కూడా లేదు.

2018 డిసెంబర్ మొదట్లో అమ్మ ఊరికెళ్ళింది. పెద్దమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. మా ఊరి నుంచి గుంటూరుకి కారు మాట్లాడుకుని అమ్మే తీసుకెళ్ళి తీసుకొచ్చేది. తిరుగు టికెట్టు మే నెలాఖరుకి. మే మధ్యలో ఫోన్ చేసింది.

"అక్క పరిస్థితేం బాలేదే. ఇంకో నెల ఉండొస్తా."

"ఆరు నెలలు దాటుతుంది కదమ్మా. కార్డు పోతుంది."

కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. "సరేలే" అంది.

172వ రోజున డాలస్‌లో దిగింది. దిగిన పదమూడో రోజున పెద్దమ్మ పోయింది. అమ్మ ఫోన్‌లో చూసింది. మా వంటగదిలో, స్టవ్ పక్కన నిలబడి, వీడియో కాల్‌లో. అవతల ఎవరో ఫోన్ పట్టుకుని నడుస్తున్నారు, బొమ్మ కదిలిపోతోంది. "కొంచెం నిలకడగా పట్టుకోమను" అంది నాతో. అంతే అంది.

*

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. అప్పుడు నేను చూడని సంగతి.

ఆరు నెలలు దాటితే కార్డు పోదు. ఈ ఒక్క వాక్యం తెలుగు వాట్సాప్ గ్రూపులన్నింటికీ ఫార్వర్డ్ చేయాల్సినది. 1996లో చేసిన సవరణ ప్రకారం, గ్రీన్ కార్డు ఉన్న మనిషి వరసగా 180 రోజులకి మించి బయట ఉండి తిరిగొస్తే, ఆ మనిషిని కొత్తగా ప్రవేశం కోరుతున్న మనిషిగా చూడొచ్చు. అంటే ప్రశ్నలు ఎక్కువ అడగొచ్చు, పక్క గదిలో కూర్చోబెట్టొచ్చు. పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం లెక్కలోనూ ఆరు నెలల దగ్గర ఒక చిక్కుంది. కానీ ఏడాది లోపు తిరిగొస్తే ఆ కార్డు తిరిగి రావడానికి పనికొచ్చే కార్డే. మా అమ్మ ఏడు నెలలు ఉండి, గుంటూరు ఆసుపత్రి కాగితాలు పట్టుకుని వచ్చి ఉంటే, కౌంటర్ దగ్గర ఒక అరగంట ఎక్కువ పట్టేది. నేను ఒక చావుని ఒక అరగంటకి బేరం పెట్టాను.

ఏడాదికి మించి ఉండాల్సొస్తుందని ముందే తెలిస్తే దానికీ దారుంది. అమెరికాలో ఉండగానే ఐ-131 వేసి రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవచ్చు. మామూలుగా రెండేళ్ళ దాకా ఇస్తారు. అది అభయహస్తమేమీ కాదు, ప్రశ్నలు అప్పుడూ ఉంటాయి. కానీ దారి ఉంది.

మరి నాకిదంతా తెలియదా? సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోకపోవడం నాకు అనుకూలంగా ఉంది. జూన్ నుంచి పిల్లలకి సెలవులు. నాకు ఆఫీసులో కొత్త ప్రాజెక్టు. సమ్మర్ క్యాంపుల ఖర్చు ఎంతో ఆ ఊళ్ళో ఉండే ఎవరినడిగినా చెప్తారు. ఇవన్నీ అమ్మకి చెప్పి, "నువ్వు నాకు అవసరం, రా" అని ఉంటే, ఆవిడ అక్కా కూతురూ ఇద్దరి అవసరాలూ తూచి ఏదో ఒకటి నిర్ణయించుకునేది. నన్ను తిట్టి అక్కడే ఉండిపోయేదేమో కూడా. నేనా అవకాశం ఇవ్వలేదు. నా అవసరాన్ని అమెరికా చట్టం నోట్లో పెట్టి పలికించాను. చట్టంతో తల్లి ఏం వాదిస్తుంది?

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మన ఇళ్ళల్లో "కార్డు కాపాడుకోవడం" అన్నది చట్టానికి లోబడడం కాదు. చట్టం పేరు చెప్పి పెద్దవాళ్ళ రోజుల మీద, వాళ్ళ చావుపుట్టుకల మీద, వాళ్ళ ఊరి మీద మనం చేసే పెత్తనం. ఆ పెత్తనానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాం.

*

ఇంకో అపోహ ఉంది, మొదటిదానికి కవల. "ఆరు నెలలకోసారి వచ్చి టచ్ చేసి వెళ్తే చాలు." ఈ నేలని తాకితే హోదా రీచార్జ్ అవుతుందన్నట్టు మాట్లాడతారు, ప్రీపెయిడ్ సిమ్ లాగా. అలా మోకాళ్ళ నొప్పులతో, రెండు ఫ్లైట్లు మారి, ఇరవై రెండు గంటలు ప్రయాణం చేసి, మూడు వారాలు ఉండి, జెట్ లాగ్ తీరకముందే మళ్ళీ వెనక్కి వెళ్ళే పెద్దవాళ్ళు నాకే అరడజను మంది తెలుసు.

ఆ లెక్క కూడా తప్పే. 1975లో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు తేల్చిన కేన్ కేసు ఉంది. జమైకాకి చెందిన ఆవిడ. ఏడాదిలో పదకొండు నెలలు జమైకాలో తన లాడ్జింగ్ హౌస్ నడుపుకుంటూ, ఒక నెల మాత్రం అమెరికా వచ్చి వెళ్ళేది. ఏడాది గీత దాటలేదు. అయినా ఆవిడ తాత్కాలికంగా బయటికెళ్ళి ఇంటికి తిరిగొస్తున్న మనిషి కాదని బోర్డు తేల్చింది. ఆవిడ ఇల్లు జమైకాలో ఉంది, అమెరికాకి వస్తున్నది చుట్టపుచూపుగా అని.

అంటే చట్టం అడిగే అసలు ప్రశ్న "ఎన్ని రోజులు?" కాదు. "నీ ఇల్లెక్కడ?" నీ మనుషులెక్కడున్నారు, నీ పని ఎక్కడుంది, నువ్వు పన్ను ఎక్కడ కడుతున్నావు, వెళ్ళేటప్పుడు తిరిగి రావాలనే వెళ్ళావా. రోజుల లెక్క ఆ ప్రశ్నకి ఒక ఆధారం మాత్రమే.

ఎంత మంచి ప్రశ్న! ఎంత మామూలు ప్రశ్న! మన తల్లిదండ్రుల్ని మనం ఇంతవరకూ అడగని ప్రశ్న.

అడగకపోగా, దానికి సమాధానం బట్టీ పట్టిస్తాం. ప్రతి ప్రయాణానికి ముందూ అమ్మకి నేను రిహార్సల్ పెట్టేదాన్ని. ఆఫీసరు ఎక్కడుంటారు అని అడిగితే టెక్సాస్ అను. ఇండియాకి ఎందుకెళ్ళావంటే విజిట్ అను, ఇంటికి అనకు. ఇల్లెక్కడ అంటే డాలస్ అను.

"అబద్ధం కదే?" అంది అమ్మ ఒకసారి.

"అబద్ధం కాదమ్మా, అలా చెప్పాలి."

ఈ రెండిటికీ తేడా ఏంటో ఇప్పటికీ నాకు తెలియదు. ముప్పై ఐదేళ్ళు వాకిట్లో ముగ్గేసిన ఇంటిని ఇల్లు అనకూడదని కన్నతల్లికి నేర్పాను. ఆఫీసరు అడిగే లోపే ఆ ఇంటిని ఆవిడ నోట్లోంచి నేనే తీసేశాను.

*

ఇక్కడిదాకా చదివి "అయితే తప్పంతా పిల్లలదే, అమెరికా ధర్మప్రభువు" అనుకునేవాళ్ళు ఉండొచ్చు. ఆగండి. ఆ ధర్మప్రభువుకీ ఉంది.

అసలు పేరులోనే మోసం ఉంది. లాఫుల్ పర్మనెంట్ రెసిడెంట్. శాశ్వత నివాసి. ఆ శాశ్వతత్వానికి కార్డు మీద పదేళ్ళ గడువు తేదీ ముద్రించి ఉంటుంది. గడువు తీరితే పోయేది కార్డే గాని హోదా కాదు. ఇది కూడా చాలామందికి తెలియదు. కానీ గడువు తీరిన కార్డుతో విమానం ఎక్కబోతే, ఉద్యోగంలో చేరబోతే, డ్రైవింగ్ లైసెన్సు తీసుకోబోతే తెలుస్తుంది, కార్డు లేని హోదా ఏపాటిదో. అందుకని గడువుకి ఆరు నెలల ముందు నుంచి ఐ-90 వేయాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్లో 415 డాలర్లు, కాగితం మీద 465. కొత్త కార్డు ఎప్పుడొస్తుందో తెలియదు గనక రసీదే పాత కార్డు గడువుని పొడిగిస్తుంది. ఆ పొడిగింపు 2022లో 24 నెలలు చేశారు, 2024 సెప్టెంబర్లో 36 నెలలు చేశారు. ఒక ప్లాస్టిక్ ముక్క మార్చివ్వడానికి మూడేళ్ళు పట్టినా పట్టొచ్చని సర్కారే ఒప్పుకున్న మాట ఇది. 180 రోజులు దాటిన ముసలమ్మని మాత్రం ఆలస్యమెందుకైందని నిలదీస్తుంది.

ఆ కార్డుని పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి మనిషీ ఎప్పుడూ ఒంటి మీదే ఉంచుకోవాలని కూడా చట్టంలో ఉంది. లేకపోతే వంద డాలర్ల దాకా జరిమానా, ముప్పై రోజుల దాకా జైలు అని 1952 నాటి చట్టంలో రాశారు. సాయంత్రం పార్కులో నడవడానికి వెళ్ళే అమ్మ చీర కొంగున తాళాలతోపాటు ఇది కూడా కట్టుకోవాలన్నమాట.

ఇక పన్ను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళ ఆదాయం ప్రపంచంలో ఎక్కడ పుట్టినా అమెరికాకి లెక్క చెప్పాలి. ఊళ్ళో కౌలు డబ్బు, బ్యాంకులో నాన్న వేసిన ఫిక్సెడ్ డిపాజిట్ మీద వడ్డీ, అన్నీ. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే దానికి వేరే నివేదిక. "నాకేం ఆదాయం ఉందే" అనే అమ్మ తెలియకుండానే నేరస్తురాలయ్యే ఏర్పాటు. నాన్‌రెసిడెంట్‌నని చెప్పి పన్ను కాగితం వేశారో, ఇల్లు ఇక్కడ కాదని మీరే ఒప్పుకున్నారని రేపు దాన్నే చూపిస్తారు.

అన్నిటికంటే క్రూరమైనది ఐ-407. నా శాశ్వత నివాస హోదా నేనే స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం. నిజంగా వదులుకోవాలనుకున్నవాళ్ళకి అది మర్యాదైన దారే. కానీ 2025 మార్చిలో మన పత్రికలన్నిట్లో వార్తలొచ్చాయి. చలికాలం ఇండియాలో గడిపి తిరిగొచ్చిన పెద్దవాళ్ళని ఎయిర్‌పోర్టుల్లో పక్కకి తీసుకెళ్ళి, ఆ కాగితం మీద సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తున్నారని లాయర్లు చెప్పారు. ఇరవై గంటల ప్రయాణం, బీపీ మాత్ర వేళ దాటిపోయింది, అవతలి మనిషి యాస అర్థం కాదు, ఫోన్ చేయనివ్వరు. ఆ గదిలో "స్వచ్ఛందం" అన్న మాటకి ఏం అర్థం మిగిలుంటుంది?

చట్టం ప్రకారం ఎవరూ దాని మీద సంతకం చేయనక్కర్లేదు. చేయను, జడ్జి ముందు విచారణ కావాలి అనొచ్చు. 1988 నాటి హువాంగ్ కేసులో ఇదే అప్పీళ్ళ బోర్డు చెప్పింది, హోదా వదులుకున్నారని స్పష్టమైన, సందేహానికి తావులేని సాక్ష్యంతో రుజువు చేయాల్సిన భారం ప్రభుత్వానిదేనని. ఎయిర్‌పోర్టు ఆఫీసరు ఆరోపించగలడు, తేల్చేది జడ్జి. కానీ ఆ గదిలో కూర్చున్న ఎంతమంది తెలుగు పెద్దవాళ్ళకి ఇది తెలుసు? ఇల్లెక్కడ అంటే డాలస్ అను అని నేర్పిన మనం, సంతకం పెట్టనని చెప్పు అని నేర్పామా?

అదే నెలలో ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ టీవీ ఇంటర్వ్యూలో, గ్రీన్ కార్డు ఉన్నంత మాత్రాన అమెరికాలో నిరవధికంగా ఉండే హక్కు లేదన్నట్టు మాట్లాడాడు. ఆంధ్ర అల్లుడుగారని మనవాళ్ళు మురిసిపోయిన మనిషే. కోపం తెచ్చుకోనక్కర్లేదు, పేరులోని శాశ్వతానికి ఆ దేశం ఇచ్చుకునే అర్థమేంటో ఆయన నోటితో విన్నాం. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్ళినవాడికీ ఆరు నెలల లెక్క తెలుసు. అతని కాగితం మీద కనీసం శాశ్వతమన్న మాట లేదు.

*

ఇలాగే ఉండాలా? అక్కర్లేదు. పక్కనే కెనడా ఉంది. అక్కడా శాశ్వత నివాసికి నియమముంది. ఐదేళ్ళలో 730 రోజులు దేశంలో ఉండాలి. వరసగా ఉండనక్కర్లేదు. ఒక అక్క చావుకి ఏడాది ఊళ్ళో ఉండి, మిగతా నాలుగేళ్ళలో సర్దుకోవచ్చు. లెక్క తప్పితే మానవతా కారణాలు చెప్పుకోవడానికి చట్టంలోనే చోటుంది. కార్డుకి ఐదేళ్ళ గడువు, అక్కడా కార్డు పోతే హోదా పోదు. నేను కెనడాని పొగడ్డం లేదు, అక్కడ రెన్యూవల్ కోసం ఎదురుచూసేవాళ్ళ బాధలు వాళ్ళవి. కానీ లెక్క లెక్కలా ఉంది. అరవై ఏళ్ళ మనిషి మనసులో ఏముందో తెల్లవారుజామున కౌంటర్ దగ్గర కొలిచే పని ఎవరికీ అప్పజెప్పలేదు.

"ఇంత గోలెందుకు, పౌరసత్వం తీసుకోమనండి" అంటారు. తీసుకోవాలంటే ఇంగ్లీషు పరీక్ష. 55 దాటి, గ్రీన్ కార్డుతో 15 ఏళ్ళు ఉన్నవాళ్ళకి ఇంగ్లీషు మినహాయింపు. మా అమ్మకి 58లో కార్డొచ్చింది, 73లో ఆ మినహాయింపు వస్తుంది. పదిహేనేళ్ళు రోజులు లెక్కపెట్టుకుంటూ బతికితే లెక్కపెట్టడం మానేసే హక్కొస్తుంది. ఆ హక్కు తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది, మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు గనక. ఓసీఐ కార్డుతో ఊళ్ళో ఉండొచ్చు గాని ఓటు వేయలేదు. సర్పంచి ఎన్నికలొస్తే ఆ ఊళ్ళో అందరికంటే ముందు లైన్లో నిలబడే మనిషి ఆవిడ.

*

నాకు రాబోయే జవాబులు నాకు తెలుసు.

ఒకటి. "మా వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే కావాలన్నారు." ఉంటారు. మనవళ్ళ దగ్గరే ఉండిపోవాలని, ఊళ్ళో ఎవరూ లేరని, నిజంగా కోరుకునేవాళ్ళుంటారు. వాళ్ళకి ఈ కార్డు వరం, వాళ్ళ జోలికి నేను రావడం లేదు. నా గొడవల్లా అడగకుండా ఇచ్చినదాని గురించే.

రెండు. "విజిటర్ వీసా మీద వస్తే మాత్రం సుఖమా?" కాదు. ఇంటర్వ్యూ కోసం ఎదురుచూపులు, రిజెక్ట్ అవుతుందేమోనన్న భయం, వచ్చాక మామూలుగా ఆరు నెలల గడువు, భారీ ఇన్సూరెన్సు. ఒప్పుకుంటా. కానీ ఆ వీసాలో ఒక నిజాయితీ ఉంది. చుట్టపుచూపుగా వస్తున్నానని చెప్పి చుట్టపుచూపుగానే వస్తారు. ఇల్లెక్కడ అంటే తెనాలి అని తలెత్తి చెప్పొచ్చు. గ్రీన్ కార్డు వదులుకుని విజిటర్ వీసా తీసుకున్న పెద్దవాళ్ళు ఉన్నారు. ఆకాశం విరిగి పడలేదు.

మూడు. "రేపు మంచాన పడితే ఎవరు చూస్తారు? కార్డు ఉంటే ఇక్కడికి తెచ్చుకోవచ్చు." ఇది మాత్రం గట్టి ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే మంచాన పడ్డ మనిషిని ఏ విమానంలో తెస్తాం? తెచ్చినా మెడికేర్ కావాలంటే 65 నిండి, అయిదేళ్ళు వరసగా ఇక్కడ నివాసం ఉండి ఉండాలి. టచ్ చేసి వెళ్ళిన అయిదేళ్ళు అందుకు పనికొస్తాయా? భవిష్యత్తులో ఎప్పుడో రాబోయే ఆ ఒక్క రోజు పేరు చెప్పి, ఆరోగ్యంగా ఉన్న ఇన్ని రోజుల్ని ఎయిర్‌పోర్టుల పాలు చేస్తున్నాం.

ఇది సాహిత్య పత్రిక గనక ఇంకో మాట. మన డయాస్పోరా కథల్లో నేను చదివినంతలో ఈ తల్లులు చాలామంది ఉన్నారు. కిటికీలోంచి మంచు చూస్తుంటారు, ఆవకాయ తలుచుకుంటుంటారు, మనవడి ఇంగ్లీషు అర్థంకాక నవ్వుతుంటారు. చివరి పేరాలో కొడుక్కి కళ్ళు చెమరుస్తాయి. ఆ తల్లుల హ్యాండ్‌బ్యాగులో ఏ కార్డుంది, తిరుగు టికెట్టు ఎవరు బుక్ చేశారు, ఆ తేదీ ఎవరు నిర్ణయించారు అన్నది మాత్రం కథల్లోకి రాదు. ఒంటరితనం గురించి రాస్తాం, ఎందుకంటే దానికి ఎవరూ బాధ్యులు కారు. 180 రోజుల గురించి రాయం. రాస్తే ఆ లెక్క ఎవరు పెట్టారో కూడా రాయాలి. కళ్ళు చెమర్చే కొడుకే ట్రావెల్ సైట్ తెరిచి తేదీ నొక్కాడని రాయాలి.

*

2016 కార్డుకి 2026లో గడువు. ఐ-90 వేశాను. వేలిముద్రలకి పిలిచారు. అక్కడి అమ్మాయి అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే గాజు పలక మీద పెట్టి నొక్కింది. యంత్రం తీసుకోలేదు. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ. మళ్ళీ తీసుకోలేదు. వయసుతో, పనితో గీతలు అరిగిపోతాయట, మామూలేనంది ఆ అమ్మాయి, మర్యాదగానే. నాలుగోసారికి వచ్చాయి.

కార్లో అమ్మ వేళ్ళు చూసుకుంటూ కూర్చుంది. అప్పుడడిగాను, తొమ్మిదేళ్ళ తర్వాత. "అమ్మా, ఈ కార్డు నీకు కావాలా?"

వెంటనే చెప్పలేదు. రెండు సిగ్నళ్ళు దాటాక చెప్పింది. "నాకెందుకే. నీకు కావాలని ఉంచుకున్నా."

ఇంకొంచెం దూరం పోయాక, "అక్క సంవత్సరీకానికి కూడా పోలేదు నేను" అంది. 2020లో ఎవరూ ఎక్కడికీ పోలేకపోయారు, దానికి కార్డు కారణం కాదు. అయినా ఆ రెండూ ఆవిడ మనసులో ఒకే ఖాతాలో పడ్డాయి. నేను సరిచేయలేదు.

కార్డు వదిలేయలేదు మేము. వదిలేద్దామా అంటే, "ఉండనీ, చిన్నదాని స్కూలు అయ్యేదాకా వస్తూ పోతూ ఉంటా" అంది. కానీ ఈసారి ఐ-131 వేశాం. ఆ పర్మిట్ చేతికొచ్చాక ఊరెళ్తుంది. తిరుగు టికెట్టు బుక్ చేయలేదు. "వచ్చేదెప్పుడో నేను చెప్తా" అంది. చెప్తుంది. చెప్పకపోతే అదీ ఒక జవాబే. అప్పుడు ఐ-407 నేనే నింపి, ఆవిడ ఇష్టంతో, ఆవిడ వంటింట్లో కూర్చుని సంతకం పెట్టిస్తాను. ఏ పక్క గదిలోనూ కాదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కార్డు ఒకటి ఉంటే, మీరు అమెరికాలో ఉన్నా, హైదరాబాద్‌లో ఉండి అక్క పెట్టిన తేదీకి అమ్మని ఎయిర్‌పోర్టులో దింపి వచ్చే తమ్ముడైనా, చేయాల్సిన పనులు మూడే. ఆరు నెలలకి కార్డు పోదని చెప్పండి. భయపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని, జడ్జిని అడగొచ్చని చెప్పండి. ఈ రెండూ చెప్పాక, ఇల్లెక్కడని అడగండి. జవాబు నేర్పకుండా అడగండి.